కోడికాళ్ళ పెంగ్విన్

నేను ఒక ప్రెషర్ కుక్కర్ని. అయిదు లీటర్లదాన్ని, అల్యూమినియందాన్ని. వయసు నలభై ఆరేళ్ళు. నాతోపాటు పుట్టినవాళ్ళెవరూ ఈపాటికి వంటిళ్ళలో ఉండరు. పాతసామాన్లవాడి బండెక్కి, కరిగి, ఏ కిటికీ చట్రాలుగానో మారి ఉంటారు. నేను మాత్రం మూడు వంటిళ్ళు, ఒక విమానం, ఒక సముద్రతీరం చూశాను. ఒక పెంగ్విన్‌ని కూడా చూశాను. బొమ్మలో కాదు, ఎదురుగా, రెండు జానల దూరంలో.

ఆ పెంగ్విన్ని చూడాలని జీవితమంతా అనుకున్నది నేను కాదు. హైమవతి. అదే నా బాధ.

పుట్టుక గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. ఒక కార్ఖానాలో గుండ్రటి రేకుగా ఉన్న నన్ను అచ్చు మీద పెట్టి ఒక్క తోపుతో గిన్నెను చేశారు. మూత, రబ్బరు, నల్ల పిడి, నెత్తిన వెయిట్ తగిలించారు. ఆవిరి నిండితే వెయిట్ లేస్తుంది, నేను కూస్తాను. నాకు తెలిసిన మాట అదొక్కటే. ఎప్పుడు కూయాలో నా చేతిలో లేదు. మనుషులు మంట పెడతారు, కూత వస్తే ఉలిక్కిపడతారు.

బందరులో హైమవతి వాళ్ళమ్మ రాజ్యలక్ష్మమ్మగారు నన్ను కొనుక్కెళ్ళారు. మొదటి కూతకే ఆవిడ పెరట్లోకి పరుగెత్తి, బావి గట్టు పట్టుకుని, "ఒసే హైమా, పేలిపోద్దే, ఇవతలికి రా!" అని కేకలు పెట్టింది. హైమవతి అప్పుడు బియస్సీ ఆఖరి సంవత్సరం. జువాలజీ. నా పక్కనే నిలబడి, పుస్తకంలో వేలు పెట్టుకుని, "పేలదమ్మా. రెండు కూతలకు కందిపప్పు, మూడు కూతలకు అన్నం" అని తేల్చేసింది. ఆనాటి నుంచి ఆ ఇంట్లో గడియారం పని నాదైంది. "రెండో కూతకి స్నానానికి లే" అనేవారు. "మూడో కూతయింది, నాన్నగారింకా రాలేదే" అనేవారు. నా కూత ఒక చప్పుడన్న సంగతే కొన్నాళ్ళకు అందరూ మరిచిపోయారు.

నేను ఆ ఇంటికి వచ్చిన నెలకనుకుంటా, హైమవతి కాలేజీ నుంచి వచ్చి రికార్డు పుస్తకాన్ని వంటింటి గట్టు మీద దబ్బున పడేసింది. తెరిచి ఉన్న పేజీలో ఒక పెంగ్విన్ బొమ్మ. నీటుగా, పెన్సిలు మొన అరగకుండా వేసిన బొమ్మ. పక్కన ఎర్ర సిరాతో ఒక వాక్యం: 'కోడికాళ్ళు పెట్టావు. చూసి వేయలేదు.'

రాసింది వాళ్ళ లెక్చరరు పరాంకుశంగారు. ఆయన దగ్గర ఒకటే సూత్రం. ఏది చూశావో అదే గీయాలి, చూడనిది గీయకూడదు. కానీ బందరులో పెంగ్విన్ ఎక్కడుంది? ల్యాబులో గోడకు వేలాడే గుడ్డ పటమే దిక్కు. ఆ పటం అడుగు భాగం చెదలు తినేసింది. పెంగ్విన్‌కి పొట్ట దాకానే ఉంది, కింద పటం చుట్టే కర్ర. మిగిలినవాళ్ళు గడ్డి గీసి కాళ్ళు దాచేశారు. హైమవతి అలా ఎగ్గొట్టే మనిషి కాదు. పక్షి కాబట్టి పక్షి కాళ్ళు ఉండాలనుకుని, పెరట్లో తిరిగే కోడిని శ్రద్ధగా చూసి, ఆ కాళ్ళు తెచ్చి పెంగ్విన్‌కి పెట్టింది.

"కోడిని చూసే కదమ్మా వేశాను!" అని ఆ రోజు ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఎనిమిదో తరగతి చదివే చెల్లెలు సుభాషిణి నవ్వాపుకోలేక, "కోడికాళ్ళ పెంగ్విన్! కోడికాళ్ళ పెంగ్విన్!" అని ఇల్లంతా గంతులేసింది. అక్కకు ఆ పేరు చాలా ఏళ్ళు అంటుకుపోయింది.

పెళ్ళయి విజయవాడ వెళుతుంటే రాజ్యలక్ష్మమ్మగారు నన్ను హైమవతి సామానులో పెట్టారు. ఆమె భర్త పానకాలరావు ఆర్టీసీ వర్క్‌షాపులో మెకానిక్కు. ఇంజిను చప్పుడు విని జబ్బు చెప్పగలిగినవాడు, పప్పులో ఉప్పు తక్కువైతే మాత్రం చెప్పలేడు. ఎమ్మెస్సీ చదవాలనుకున్న హైమవతి చదవలేదు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ చదవమనీ అనలేదు. ఆ శ్రద్ధంతా వంటింటికి వచ్చింది. ఎసరు వేలి గణుపులతో కొలిచేది. వారానికోసారి నా రబ్బరు తీసి చన్నీళ్ళలో నానబెట్టేది. ఎంగిలి గిన్నె తెల్లారేదాకా ఉంచిన రోజు నాకు గుర్తు లేదు. టీవీలో ఎప్పుడైనా పెంగ్విన్ కనిపిస్తే మాత్రం చేస్తున్న పని వదిలేసి వచ్చి కూర్చునేది. "ఏమండీ, కాళ్ళు చూపించడం లేదు చూశారా, మంచులో కూరుకుపోయాయి" అనేది.

ఇరవై రెండేళ్ళు అలా గడిచాక, నర్సు ఉద్యోగం చేస్తున్న సుభాషిణికి న్యూజిలాండులో పని దొరికింది. ఒంటరి మనిషి, వెళ్ళేది ఎక్కడో భూమి చివరికి. హైమవతి నన్ను బూడిదతో తోమి, ఆరబెట్టి, లోపల చెల్లెలి మేజోళ్ళు కుక్కి ఇచ్చింది. "దీంతో వండుకో. మూడు కూతలకు ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది" అంది.

ఆ దేశం విమానాశ్రయంలో ఒక అధికారిణి నా మూత తీసి, మేజోళ్ళన్నీ దులిపి, రబ్బరు పైకెత్తి వాసన చూసింది. పాతికేళ్ళ పప్పు అందులో ఇంకి ఉంది. ఇదేం వాసన అని అడిగింది. సుభాషిణి "మా ఇల్లు" అంది. ఆవిడ ఏమనుకుందో, మూత జాగ్రత్తగా బిగించి ఇచ్చేసింది.

డునెడిన్ అనే ఊళ్ళో ఇరవయ్యేళ్ళు ఉన్నాను. ఒక్క మనిషికి వండే కుక్కరు ఎంతసేపు కూస్తుంది? ఆదివారాలు మాత్రం సుభాషిణి అక్కకు ఫోను చేసి నా పక్కన పెట్టేది. "అక్కా, విను" అనేది. నేను కూసేదాన్ని. అటునుంచి హైమవతి, "రబ్బరు వదులైంది, మార్చు" అనేది.

పోయినేడు జనవరిలో హైమవతి, పానకాలరావు చెల్లెలి దగ్గరికి వచ్చారు. అక్కడ జనవరి అంటే ఎండాకాలమట. హైమవతి నన్ను గట్టు మీద చూసి, పిడి తడిమి, చొట్ట మీద వేలు పెట్టి, "ఇది బందరు చొట్ట" అంది. నాకు ఇంకేం కావాలి?

వ్యాను సుభాషిణి మాట్లాడింది. అందులోనే మంచాలు, అందులోనే పొయ్యి, అందులోనే సింకు. అయిదు రోజులు దక్షిణ తీరం వెంట తిరిగి, పసుపుకళ్ళ పెంగ్విన్లు ఒడ్డుకు వచ్చే చోట్లు చూడాలని ఏర్పాటు. నడిపేది పానకాలరావు.

"కుక్కరు పెట్టావా?" అని అడిగాడు మొదట.

"అయిదు రోజులు రొట్టె తినలేవా బావా?"

"అన్నం లేకుండా బండి నడవదమ్మాయ్."

"బండి డీజిల్‌తో నడుస్తుంది బావా."

"బండికి డీజిలు. డ్రైవరుకి అన్నం."

హైమవతి సంచిలో మాత్రం ఒక దళసరి కాగితాల పుస్తకం, రెండు పెన్సిళ్ళు, ఒక రబ్బరు ఉన్నాయి. అరవై ఏడేళ్ళ మనిషి పరీక్షకు వెళుతున్నట్టు పెన్సిళ్ళు ముందే చెక్కి పెట్టుకుంది.

"అందరూ ఈ దేశానికి కొండలు చూడ్డానికొస్తారు, మంచు చూడ్డానికొస్తారు. మా అక్క కాళ్ళు చూడ్డానికొచ్చింది" అంది సుభాషిణి.

"తప్పుపోయింది కాళ్ళేగా మరి" అంది హైమవతి, నవ్వకుండా.

ఇక వాన. మన వానలా ఉరిమి, కురిసి, వెలిసే వాన కాదు. సన్నగా, అడ్డంగా, పొద్దస్తమానం ఎవరో పిండి జల్లిస్తున్నట్టు కురిసేది. వ్యాను కప్పు మీద దాని చప్పుడు ఆగలేదు. నా పిడికి తడి మేజోళ్ళు, మూత మీద పానకాలరావు మంకీక్యాపు ఆరబెట్టారు. హైమవతి చీర మీద స్వెట్టరు, స్వెట్టరు మీద చెల్లెలి రెయిన్‌కోటు వేసుకుని, ఆవిరి పట్టిన కిటికీని కొంగుతో తుడిచి తుడిచి బయటికి చూసేది. మొదటి రోజు పొగమంచు, సముద్రమే కనపడలేదు. రెండో రోజు ఒడ్డున బండరాళ్ళనుకున్నవి లేచి ఆవులించాయి, సీ లయన్లనే నీటి జంతువులు. పానకాలరావు వాటిని చూసి, "డ్యూటీ దిగిన డ్రైవర్లలా పడుకున్నాయే" అని మురిసిపోయాడు. మూడో రోజు గాలికి వ్యాను ఊగుతుంటే ఎవరూ తలుపు తీయలేదు.

నాలుగో రోజే చివరి సాయంత్రం. మర్నాడు వ్యాను అప్పగించాలి, ఎల్లుండి విజయవాడ ప్రయాణం. ఈ వయసులో మళ్ళీ ఇంత దూరం రామని ముగ్గురికీ తెలుసు.

ఆ చోటు ఒక చిన్న వంపు తిరిగిన ఇసుక తీరం. పైన పొదలు. తీరానికి కాస్త ఎత్తులో, మనుషులు దాక్కుని చూడ్డానికి చెక్క గది ఒకటి. దానికి యాభై అడుగుల వెనక మా వ్యాను ఆగింది. దారి మొదట్లో చిన్న కప్పు వేసిన బోర్డు ఉంది. దాని మీద పెంగ్విన్ బొమ్మ ఉంది. కాళ్ళు గడ్డిలో దాక్కున్నాయి. హైమవతి ఆ బోర్డును చాలాసేపు చూసి, "ఇక్కడ కూడానా!" అంది.

పసుపు రెయిన్‌కోటు వేసుకున్న ఒక పెద్దావిడ అక్కడ కాపలా. పేరు ఐలీన్. జీతం లేని పని, రోజూ వచ్చి గూళ్ళు చూసుకుని వెళుతుందట. ఆవిడ చెప్పినదాన్ని సుభాషిణి అక్కకు తెలుగులో చెప్పింది.

"పైన పొదలో ఒక పిల్ల ఉందిటక్కా. తల్లో తండ్రో, ఒకటి పదిరోజులుగా సముద్రం నుంచి రాలేదట. ఇంక రాదేమో అంటోంది. మిగిలిన ఒక్కటే పగలంతా వేటాడి సాయంత్రం తెచ్చి పెడుతోందిట. మనిషి అలికిడైతే ఒడ్డుకు రాదుట. నీళ్ళలోనే ఉండిపోతుందిట."

"అయితే మనం ఊపిరి కూడా గట్టిగా తీయద్దు" అంది హైమవతి.

అన్నది ఆమే. ఆ తర్వాత చేసిందీ ఆమే. పానకాలరావు ఏడు గంటలకు షుగరు మాత్ర వేసుకోవాలి, అన్నం తినకుండా వేసుకోకూడదు. ఆమె వ్యానులో నాలోపల బియ్యం, పప్పు గిన్నెలు సర్ది, పొయ్యి వెలిగించి, "ఏమండీ, మూడు కూతలు రాగానే ఆపేయండి. కునుకు తీయకండి" అని చెప్పి, పుస్తకం రెయిన్‌కోటు లోపల దాచుకుని చెక్క గదికి వెళ్ళింది. నలభై అయిదేళ్ళు ఒకే కూత విన్న మనిషి. ఆమె లెక్కలో అది గడియారం. అది చప్పుడన్నది ఆమెకు తోచలేదు.

వ్యాను వెనక తలుపు తెరిచే ఉంది. పొయ్యి మీద నుంచి నాకు తీరమంతా కనిపిస్తోంది. నాలో ఆవిరి నిండుతోంది. అప్పుడే అలల అంచున నల్లగా ఏదో తేలింది. మునిగింది. తర్వాతి అల వెనక్కి పోయేసరికి ఇసుక మీద ఒక పక్షి నిలబడి ఉంది. సముద్రం వైపే తిరిగి ఉంది, వీపు ఇటు, తల కాస్త పక్కకు. ఒళ్ళు దులుపుకుంది. చెక్క గదిలో హైమవతి పెన్సిలు కాగితం మీద ఆనించి ఉంటుందని నాకు తెలుసు.

నేను కూశాను.

ఎన్నో వేలసార్లు కూశాను. ఏ కూతకూ సిగ్గుపడలేదు. ఆ ఒక్క కూత మాత్రం నోట్లోంచి పోతుండగానే వెనక్కి లాక్కోవాలనిపించింది. పక్షి మెడ నిక్కించింది, ఇటు చూసింది, మూడు గెంతుల్లో నీళ్ళలో పడింది. పొదలోంచి సన్నగా ఒక పిల్ల అరుపు వినిపించింది. వినిపిస్తూనే ఉంది.

హైమవతి ఆ బురద దారిలో ఎలా వచ్చిందో తెలియదు. వచ్చి పొయ్యి ఆపేసింది.

"ఒకటే వచ్చిందే! ఇంకా రెండున్నాయి" అన్నాడు పానకాలరావు.

నా వెయిట్ మళ్ళీ లేవబోతోంది. ఆమె తువ్వాలు మడిచి వెయిట్ మీద వేసి, అరచేత్తో అదిమిపట్టి, నన్ను అలాగే ఎత్తుకుని బయటికి నడిచింది. ఆమె మణికట్టు నా అంచుకు తగిలి చురుక్కుమంది. వదల్లేదు. నేనూ ఆ కూత మింగేశాను. కప్పు ఉన్న బోర్డు కింద, వాన పడని బురద నేల మీద నన్ను దించి, తువ్వాలు కప్పింది.

ఐలీన్ వచ్చింది. తిట్టలేదు. అది ఇంకా నీళ్ళలోనే ఉంది, చీకటి పడేలోగా వస్తే రావచ్చు, రాకపోనూ వచ్చు అందట.

"మనం ఇక్కడే కదలకుండా కూచుంటే వస్తుందేమో అక్కా. ఇంకో రెండు గంటలు వెలుగుంటుంది. నువ్వు చూడొచ్చు" అంది సుభాషిణి.

హైమవతి సముద్రం వైపు చూసింది. అలల్లో ఒక నల్లటి తల లేస్తోంది, మునుగుతోంది. పొదలో పిల్ల అరుస్తోంది.

"పోదాం పద" అంది.

"అక్కా, రేపు వ్యాను ఇచ్చేయాలి."

"తెలుసే. అది మనల్ని చూసింది. మనం ఇక్కడుంటే రాదు. పిల్లకి ఆకలి. పద."

"నలభై ఏళ్ళ నుంచి..."

"ఆ పిల్ల నలభై ఏళ్ళు ఆగలేదుగా!" ఆమె గొంతు ఎప్పుడూ అంత పెద్దది కాదు. వెంటనే తగ్గించుకుంది. "ఏమండీ, ఇంజిను వేయకుండా ఈ బండి పోదా?"

పానకాలరావు అప్పటిదాకా తప్పు తనదో కాదో తెలియక నిలబడి ఉన్నాడు. ఈ ప్రశ్నతో ప్రాణం లేచొచ్చింది. "ఎందుకు పోదూ? ముందంతా పల్లమేగా" అన్నాడు. తాళం తిప్పి, న్యూట్రల్లో పెట్టి, హ్యాండ్‌బ్రేకు కొద్దికొద్దిగా వదులుతూ, ఏనుగంత బండిని చప్పుడు లేకుండా రోడ్డు దాకా దించాడు. తలుపులు దగ్గరగా వేశారు గాని చప్పుడవుతుందని మూయలేదు. ఐలీన్ వాళ్ళ వెనకే నడిచి వెళ్ళిపోయింది.

ఆ హడావుడిలో నన్ను మరిచిపోయారు.

వాన కురుస్తూనే ఉంది. నేను చల్లారాను. తువ్వాలు గాలికి ఎగిరిపోయింది. ఎంతసేపయిందో చెప్పలేను, నాకు తెలిసిన గడియారం నేనే. ఇంకా వెలుగుండగానే అది వచ్చింది.

ముందుకు వంగి, రెక్కలు కాస్త ఎడంగా పెట్టుకుని, నిండు కడవలు రెండు చేతులా మోసుకొస్తున్న ఇల్లాలిలా ఎక్కింది. నాలుగడుగులు వేసి ఆగడం, చుట్టూ చూడడం, మళ్ళీ నాలుగడుగులు. తలపాగా చుట్టినట్టు కంటి మీదుగా పసుపు పట్టీ. కళ్ళు కూడా పసుపే. తెల్లటి రొమ్ము మీద వాన చుక్కలు నిలవకుండా జారిపోతున్నాయి. పొట్ట నిండుగా ఉంది, అది దానిది కాదు, పిల్లది. సరిగ్గా బోర్డు కిందకు వచ్చి నా ముందు ఆగింది. తల ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పి నన్ను చూసింది. ఇందాక కూసింది నేనే అని చెబుదామనిపించింది. అది నా చుట్టూ సగం తిరిగి, వెనక్కి తిరిగి తోక ఎత్తి, నా మూత మీద తెల్లగా ఒక పిచికారీ కొట్టింది. లెక్క సరిపోయిందనుకున్నాను. తర్వాత మెడ ఎత్తి ఒక్క అరుపు అరిచింది. నా కూత దాని ముందు ఎంత! పొదలోంచి పిల్ల బదులు పలికింది. పొదలు కదిలాయి. కాసేపటికి పిల్ల అరుపు ఆగిపోయింది.

మర్నాడు తొమ్మిది దాటాక వ్యాను వచ్చింది. పెంగ్విన్లు తెల్లవారుజామునే సముద్రంలోకి పోతాయి కాబట్టి, ఆ తర్వాతే వెళ్ళాలని హైమవతి పట్టుబట్టిందట. రాత్రి ముగ్గురూ రొట్టె, ఆవకాయ తిన్నారట. పానకాలరావు ముఖం చూస్తే తెలిసింది.

అతనే ముందు నన్ను చూశాడు. "అయ్యయ్యో, ఎవరో సున్నం కొట్టారే దీనికి! ఆగు, కడిగేస్తా."

"ముట్టుకోకండి!" అంది హైమవతి.

ఆమె నావైపు చూడడం లేదు, నా పక్కన బురదలోకి చూస్తోంది. వాన పడని ఆ కాస్త నేలలో, నా చుట్టూ, పాదాల అచ్చులు. మూడేసి వేళ్ళు, వేళ్ళ మధ్య చర్మం పరుచుకున్న గుర్తు, ముందు గోళ్ళు గుచ్చుకున్న మూడు చుక్కలు. ఆమె చీర బురదలో పడుతున్నా చూసుకోకుండా మోకాళ్ళ మీద కూర్చుంది.

"సుభా, కోడిది కాదే. బాతుది. బాతుకంటే లావు. గోళ్ళు చూడు. మడమ నేలకాని ఉంది."

"ఎంగిలి గిన్నె రాత్రి ఉంచని మనిషివి, ఇవాళ కుక్కరు మీద పెంట ఉంచుకుని మురిసిపోతున్నావు" అంది సుభాషిణి. నవ్వుతూనే అంది గాని, రెయిన్‌కోటు చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

హైమవతి పుస్తకం తెరిచింది. నిన్నటి పేజీలో ఒకే ఒక్క గీత ఉంది, వంపు తిరిగిన వీపు. అదే పేజీలో, అడుగున, ఎక్కడ ఉండాలో అక్కడ, రెండు పాదాలు వేసింది. అరగంట పట్టింది. దూరంగా పొద వైపు వెళ్ళి వచ్చిన ఐలీన్ తన పొట్ట చేత్తో నిమిరి చూపించింది. పిల్ల పొట్ట నిండుగా ఉందని అది. దానికి తెలుగు అవసరం లేకపోయింది.

సుభాషిణి నన్ను అక్క చేతికే ఇచ్చి పంపింది. ఇప్పుడు మళ్ళీ విజయవాడలో ఉన్నాను. వంట చేయను. కరెంటు కుక్కరు వచ్చింది, అది కూయదు, ఒక దీపం వెలిగి ఊరుకుంటుంది. నేను అటక కింది అరలో ఉన్నాను. నాలో కందిపప్పు పోసింది. వెయిట్ తీసి సొరుగులో పెట్టింది.

పాత రికార్డులో ఎర్ర సిరా పేజీ పక్కనే కొత్త కాగితం అంటించింది. అందులో ఊరు, తేదీ, 'వాన' అన్న మాట ఉన్నాయి. పాదాల పక్కన కొలత కోసం నా అడుగు అంచు కూడా కొంచెం గీసింది. కింద చిన్న అక్షరాలతో, 'చూసి వేసినది' అని రాసింది.

ఆదివారాలు సుభాషిణి ఫోను చేస్తుంది. "మిగతాది కూడా పూర్తి చెయ్యొచ్చుగా అక్కా. ఫోటోలు బోలెడున్నాయి, పంపిస్తా."

"నేను చూడలేదుగా" అంటుంది హైమవతి.

వీపు గీతకూ పాదాలకూ మధ్య జానెడు తెల్ల కాగితం అలాగే ఉంది. అందులో ఏముండాలో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఆమె పప్పు కోసం మూత తీసినప్పుడల్లా చెప్పాలనిపిస్తుంది. వెయిట్ సొరుగులో ఉంది.